సేద్యపు కార్డు – సొంత కార్డు



కడచిన యాసంగిలో బోయినపల్లి మండలమునందలి యొక గ్రామమునకు, వరిలో పైఎరువు వేయు వేళను, దాని మోతాదును గూర్చి చెప్పుటకై పోయియుంటిని. చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి ముగించుచుండగా ఒక రైతు తన అంగీజేబులోనుండి రెండు కార్డులు తీసి నా యెదుట పెట్టెను. ఒకటి సహకార బ్యాంకువారిచ్చిన కిసాన్ కార్డు. చెమటకును మట్టికిని మాసి దానిపై అక్షరములు సగము చెరిగియున్నవి. రెండవది పట్టణపు బ్యాంకు ఏజెంటొకడు ఇంటికి వచ్చి సంతకము చేయించుకొని ఇప్పించిన సొంత క్రెడిట్ కార్డు. అది అద్దమువలె మెరయుచున్నది. "సారూ, యూరియా ఎప్పుడెయ్యాలెనో చెప్పినవు. మరి దీంట్ల దేనితోని కొనాలెనో చెప్పకపోతివి" అని యతడనెను. తోడివారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఎరువు మోతాదు చూపుట నా యుద్యోగము. అప్పు మోతాదును గూర్చి నన్నెవరును అంతవరకు అడిగియుండలేదు. అయినను ఎరువు తప్పినచో ఒక పంట పోవును, అప్పు తప్పినచో నాలుగు పంటలు పోవును గదా. ఆనాడు అతనికి పొడిగా ఇచ్చిన సమాధానమును ఇప్పుడు నింపాదిగా వ్రాయుచున్నాను.

పట్టణములలో వ్యాపారస్థులకు వ్యాపారపు కార్డు వేరుగాను, ఇంటి ఖర్చులకు సొంత కార్డు వేరుగాను బ్యాంకులు ఇచ్చుచున్నవి. రిజర్వు బ్యాంకువారు కార్డులను గూర్చి ప్రకటించిన నియమములలో, వ్యాపారపు కార్డును వ్యాపారపు ఖర్చులకే ఇయ్యవలెననియు, ఆ ధనము దేనికి వినియోగపడుచున్నదో చూచుకొనవలసిన బాధ్యత బ్యాంకుదే యనియు చెప్పియున్నారు. ఇది మనకు క్రొత్తమాట యేమియు కాదు. జర్మనీ దేశమున 1864లో రైఫైజెను అను నతడు పల్లెవారికై పరపతి సంఘము నెలకొల్పినప్పుడే, అప్పు ఏ పనికని తీసికొన్నారో ఆ పనికే పోవలెననియు, పొరుగువారే దానిని కనిపెట్టియుండవలెననియు నియమించెను. మన సంఘములకు ఆయన పద్ధతియే మూలము.

రైతునకు వ్యాపారపు కార్డు ఏది యనిన, కిసాన్ కార్డే. ఆర్. వి. గుప్తా సంఘముయొక్క సిఫారసుపై 1998లో ఇది ఆరంభమైనది. మనలో చాలమంది దీనిని 'క్రాపు లోను' అని మాత్రమే ఎరుగుదురు. సంవత్సరమున కొకసారి సింగిల్ విండోకు పోయి తిరుగవ్రాయించుకొని వచ్చు కాగితమనియే తలంతురు. దాని పరిమితి ఎట్లు కట్టుదురో తెలిసినవారు తక్కువ. జిల్లా స్థాయిలో పంటపంటకును ఎకరమునకు ఇంత పెట్టుబడి యని ఒక కొలత నిర్ణయింతురు. దానిని మీ విస్తీర్ణముతో హెచ్చవేసి, వచ్చిన మొత్తమునకు నూటికి పదివంతులు కోత తరువాతి ఖర్చులకును ఇంటి అక్కరలకును, మరి యిరువదివంతులు పనిముట్లు, మోటారు మొదలగువాని మరమ్మతులకును కలుపుదురు. భీమా రుసుము దీనికి అదనము. లెక్కకై ఎకరమునకు 40,000 రూపాయలనుకొందము. మూడెకరములకు 1,20,000. ఇంటికి 12,000. మరమ్మతులకు 24,000. మొత్తము 1,56,000 రూపాయలు. కార్డు గడువు అయిదేండ్లు. మొదటి సంవత్సరము తరువాత ఏటేటను పరిమితిని నూటికి పది చొప్పున పెంచుటకును నియమములో చోటున్నది. 2025 జనవరి 1వ తేదీనుండి 2 లక్షల రూపాయల వరకు తాకట్టు అడుగరాదని ఉత్తరువు. ఇది తెలియక ఇప్పటికిని కొందరు భార్య మెడలోని పుస్తెలత్రాడు తీసికొనిపోయి కుదువబెట్టుచున్నారు.

ఇక వడ్డీ. మనవారు దీనిని మిత్తి యందురు; నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కింతురు. రెండు రూపాయల మిత్తి, మూడు రూపాయల మిత్తి యన్నచో పసిపిల్లవానికిని తెలియును. బ్యాంకువారు సంవత్సరమునకు నూటికి ఇంత యని వ్రాయుటచేత పోలిక కుదురక మోసపోవుచున్నాము. కావున రెంటిని మన కొలతలోనే కొలిచి చూతము. కిసాన్ కార్డుపై 3 లక్షల వరకు పంటరుణమునకు సంవత్సరమునకు 7 శాతము. అనగా నూటికి నెలకు 58 పైసలు. వాయిదాలోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము మరి 3 శాతము విడిచిపెట్టును గాన అది 4 శాతమై, నెలకు 33 పైసలగును. సొంత కార్డుపై బాకీ నిలిచినచో అనేక బ్యాంకులు నెలకు మూడు మొదలు మూడుంబావలా వరకు, అంతకు మించియు తీసికొనుచున్నవి. మూడున్నర యనుకొందము. ఆ వడ్డీపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. పన్ను వేరు.

ఇప్పుడు 50,000 రూపాయల ఎరువు, పురుగుమందు, కూలి ఖర్చు తీసికొనుడు. కిసాన్ కార్డుపై ఆరు నెలలకు 7 శాతము చొప్పున వడ్డీ 1,750 రూపాయలు. వేళకు కట్టినవానికి 1,000 మాత్రమే. సొంత కార్డుపై ఒక్క నెల వడ్డీ 1,750 రూపాయలు! దానిపై పన్ను 315. అనగా ఒకచోట ఆరు నెలలకు అగు వడ్డీ రెండవచోట ఒక నెలకే యగుచున్నది. ఆరు నెలలు నిలిచినచో వడ్డీపై వడ్డీ లెక్కింపకయే 12,390 రూపాయలు. పూర్వము మన తాతలు నాగు తెచ్చి కల్లములో పుట్లకొలది కొలిచియిచ్చినప్పుడు షావుకారును తిట్టుకొన్నారు. నేడు మూడున్నర రూపాయల మిత్తిని గాజుపలకవంటి కార్డుపై అచ్చువేసి యిచ్చినచో దానిని గౌరవమనుకొనుచున్నాము.

వడ్డీకంటెను నన్ను భయపెట్టునది మరియొకటి కలదు. అది వాయిదా.

సొంత కార్డుతో కొన్నవానికి సుమారు 50 దినముల లోపుగా మొత్తమంతయు కట్టినచో వడ్డీ లేదు. ఏజెంటు చెప్పు మాట యిదియే. ఇది అబద్ధము కాదు. కాని వరి 50 దినములలో పండునా? వానకాలపు నాటు జులై, ఆగస్టు నెలలలో పడును. దుక్కికి, నాటు కూలికి, మొదటి ఎరువునకు అప్పుడే ధనము కావలెను. కోత నవంబరులో. వడ్లు కొనుగోలు కేంద్రమునకు చేరి, తేమ చూచి, తూకమై, తరుగుపై తగవు తీరి, లారీ దొరకి, మిల్లుకు పోయి, సొమ్ము మన ఖాతాలో పడునప్పటికి డిసెంబరు. పత్తి యైనచో ఏరివేతలు సంక్రాంతి దాటియు సాగును. ఈ అయిదారు నెలలలో సొంత కార్డు బిల్లు అయిదారు మారులు వచ్చును. అది వాన చూడదు, తేమ చూడదు. మొత్తము కట్టలేనివానికి 'కనీసపు మొత్తము' కట్టుమని దారి చూపును. 50,000కు నూటికి అయిదు చొప్పున 2,500 కట్టితిమనుకొందము. అందులో 2,065 వడ్డీకిని పన్నునకును పోగా అసలులో తగ్గునది 435 రూపాయలు. పైగా పాతబాకీ యుండగా క్రొత్తగా కొన్నవానికి ఆ 50 దినముల ఉచితపు గడువు ఉండదు. కొన్న దినమునుండియే వడ్డీ నడచును. ఆ కార్డుతో యంత్రమునుండి రొక్కము తీసినచో రుసుము వేరు, వడ్డీ ఆనాటినుండియే.

బాకీ తప్పిన తరువాత కూడ తేడా కలదు. సొంత కార్డుపై కనీసపు మొత్తముకూడ కట్టక 90 దినములైనచో అది మొండిబాకీలలో చేరును. పంటరుణమునకు బ్యాంకులు లెక్కించునది దినములను కాదు, పంటకాలములను. అనావృష్టి గాని వరద గాని వచ్చి ప్రభుత్వము ప్రకటించినచో పంటరుణమును మధ్యకాలపు రుణముగా మార్చి గడువు పెంచు పద్ధతి యున్నది. సొంత కార్డునకు రైతు పొలములో నీరు నిలిచిన సంగతియే తెలియదు. రెంటిలో ఏది తప్పినను సిబిల్ లెక్కలో నమోదు ఒక్క పేరుననే. సొంత కార్డుపై 20,000 రూపాయలు తప్పినవాడు మరునాడు ట్రాక్టరుకు బ్యాంకు మెట్లెక్కినచో ఆ 20,000 అతనికంటె ముందే అక్కడ కూర్చుండియుండును.

ఇంతమాత్రముచేత సొంత కార్డు విషమని నేను చెప్పను. ధనము తిరిగివచ్చు కాలమునుబట్టి అప్పు ఎన్నుకొనవలెనని మాత్రము చెప్పుచున్నాను. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఎన్ని యిండ్లకు దుబాయినుండి నెలనెలకు సొమ్ము వచ్చుట లేదు? సిరిసిల్ల సాంచెలపై నేయు కొడుకున్న రైతున్నాడు. పాల బిల్లు తెచ్చుకొను ఇల్లాలున్నది. అట్టి యింటికి నెలనెల సొమ్ము కలదు గాన నెలనెల బిల్లు అడుగు కార్డు బరువు కాకపోవచ్చును. పిల్లవాని పుస్తకములు కొని వచ్చు నెలలో మొత్తము కట్టివేసినచో వడ్డీ లేక పని జరిగినది, మంచిదే. నెలకు వచ్చు సొమ్ముతో తీరునది నెల కార్డుపైనను, పంటతో తీరునది పంట కార్డుపైనను ఉండవలెను.

ఈ మాట నేను పుస్తకములో చదివి చెప్పుట లేదు. కొన్ని యేండ్ల క్రిందట మా తండ్రిగారి పొలములో నిండు యాసంగిలో బోరు మోటారు కాలిపోయెను. పొట్టదశలో నున్న వరి. అప్పుడు నా చేతిలో సొంత కార్డుండెను. జీతగాడను గదా యను ధైర్యమొకటి యుండెను. మోటారు, పైపులు అన్నియు దానితో కొంటిని. పంట దక్కినది. కాని ఆ నెల జీతము ఇంటికే చాలలేదు. కనీసపు మొత్తము కట్టితిని. తరువాతి నెల మరల అంతే. ఎనిమిది నెలలు అట్లు కట్టి, తుదకు వడ్ల సొమ్ముతోనే తీర్చితిని. మోటారు ధరకంటె దాని వడ్డీ కథయే పెద్దదైనది. మా తండ్రిగారి కిసాన్ కార్డులో మరమ్మతులకని చేర్చిన యిరువదివంతులు ఆ సమయమున ముట్టకయే యున్నవి. ఊరూర తిరిగి రైతులకు బుద్ధులు చెప్పువాడను. నా ఇంటి కాగితము నేనే చదువుకొనలేదు.

నేను చదివినది మిషను బడిలో. అక్కడ బడితోట యొకటి యుండెను. దానిలో పిల్లలమే కూరగాయలు పండించువారము. లెక్కల అయ్యవారు తోట లెక్క ఒక పుస్తకములోను, వసతిగృహపు లెక్క ఇంకొక పుస్తకములోను వ్రాయించెడివారు. తోటలో కోసిన వంకాయలు నేరుగా మన వంటశాలకే పోయినను, వసతిగృహము తోటకు వాని వెల చెల్లించినట్లు వ్రాయవలెను. "రెండును మనవే గదా, ఈ వ్రాతలెందుకు?" అని నేనొకనాడు గొణిగితిని. "వ్రాయకపోయితివా, తోట నష్టమున నున్నదో, వంటశాల తిండిపోతో నీకెన్నటికిని తెలియదు" అని ఆయన యనెను. అప్పుడు మొట్టికాయ తప్పినందుకు సంతోషించితిని. మాట అర్థమగుటకు ముప్పదియేండ్లు పట్టెను.

ఇంతవరకు చేనిఖర్చును ఇంటి కార్డుపై పెట్టుటను గూర్చి వ్రాసితిని. దీనికి తిరుగుడు తప్పు మన సంఘములలో ఇంకను ఎక్కువ; దానిని గూర్చి బహిరంగముగా వ్రాయువారు తక్కువ. పంటరుణము ఇంటికి పోవుట! వానకాలపు రుణము చేతికి వచ్చును. అదే నెలలో పిల్ల పెండ్లి. ధనముపై ఇది యూరియాకని, ఇది లగ్నమునకని ముద్ర యుండదు. లక్షయు ఏబదివేలును పందిటిలో ఖర్చగును. తరువాత పొలమునకు ఎరువు ఫర్టిలైజరు దుకాణములో ఉద్దెర. ఉద్దెర ధర వేరు, దానిపై మిత్తి వేరు, పంట అతడు చూపినచోటనే అమ్మవలెనను కట్టుబాటు వేరు. దుకాణదారుడు బస్తా యిచ్చునప్పుడే రైతు వేయగలడు గాన పిలకదశలో పడవలసిన యూరియా పదియైదు దినములు జాగై పడును. నేను ప్రదర్శనకై ఎన్నుకొన్న మడులలోనే ఇట్టివి చూచితిని. పొలములో ఎర్రబడిన వరిని చూచి ఇది నత్రజని లోపమా, తెగులా యని నన్నడుగుదురు. కొన్నిచోట్ల అది పెండ్లిపందిరి.

సంవత్సరాంతమున ఏమగును? 4 శాతపు వడ్డీ దక్కవలెనన్న గడువులోగా అసలు కట్టవలెను. చేతిలో సొమ్ము లేదు. ఫైనాన్సువానివద్ద రెండు మూడు దినములకు చేబదులు తెచ్చి, సంఘములో కట్టినట్లు రసీదు తీసి, మరునాడు అంతే సొమ్ము క్రొత్త రుణముగా ఎత్తి అతనికి వడ్డీతో తిరిగి యిచ్చును. సంఘపు పుస్తకములో వసూలు నిండుగా కనబడును, కార్యవర్గమునకు మంచిపేరు. రైతునకు మాత్రము ఆ సంవత్సరము పంటరుణము అను పేరేగాని పైసయైనను చేనికి రాలేదు. ఇట్లు నాలుగేండ్లు తిరిగిన రుణమును పంటరుణ మనవచ్చునా? అది ఎప్పుడో జరిగిన పెండ్లికి ఏటేట కట్టుచున్న కప్పము.

దీనికి రైతును మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదని నా యభిప్రాయము. ఇక్కడ పాతసంగతి కొంత చెప్పవలెను. హైదరాబాదు రాజ్యమున సహకార పరపతి సంఘముల చట్టము 1914లో వచ్చినది. నాటినుండి దాదాపు నలువది యేండ్లకు, 1951–52లో దేశమంతటను గ్రామీణ పరపతిని పరిశోధించి 1954లో నివేదిక ప్రకటించినప్పుడు తేలినదేమన, పల్లెల అప్పులో సహకార సంఘములిచ్చినది నూటికి మూడు పాళ్లు మాత్రమే. వడ్డీవ్యాపారులిచ్చినది సుమారు డెబ్బది పాళ్లు. ఎందుచేత? షావుకారు వడ్డీ హెచ్చు, లెక్క దొంగలెక్క. అయినను అతడు ఒక్క సుగుణము కలవాడు. దేనికని యడుగడు. జ్వరమునకిచ్చును, చావునకిచ్చును, నడిరేయి తలుపు తట్టినను ఇచ్చును. మన సంఘమో, రైతునకు చేను మాత్రమే యున్నదనియు, అతనికి కడుపును, కూతురును, జ్వరమును లేవనియు తలచినట్లు నడచినది. చేనికైన ఇత్తుము, ఇంటికైన ఇయ్యమన్నచో మనుష్యుడు ఏమి చేయును? ఇంటికని అడుగలేక చేనికని వ్రాసియిచ్చును. మొదటి అబద్ధము మన దరఖాస్తు కాగితముపైననే పుట్టుచున్నది. కిసాన్ కార్డులో ఇంటికని పదివంతులు చేర్చినవారు ఈ సంగతి గ్రహించినవారే. కాని 12,000 రూపాయలతో ఇంటి అక్కర యెంత తీరును?

షావుకారు స్థానమును మరియొకరు ఆక్రమించుట మనమెరుగనిది కాదు. సూక్ష్మరుణ సంస్థలవారు వారవారము వాకిట కూర్చుండి వసూలుచేసిన కాలమును మన ఆడువారు మరువలేదు. 2010లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి దానిని అరికట్టవలసివచ్చినది. వారును ఆదాయము తెచ్చు పనులకని వ్రాసికొని ఇంటి ఖర్చులకు ఇచ్చినవారే. పాడి తెచ్చు ఆదాయము వారవారము వచ్చునా యని అడిగినవాడు లేడు. నేడు ఫోనులోని అప్పుల యాపులును, మెరసెడి కార్డులును అదే వాకిటికి వచ్చినవి.

మన పూర్వపు కరీంనగరు జిల్లాలోనే మేలైన నడవడి కనబడును. ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో ఏ. కె. విశ్వనాథరెడ్డిగారి పూనికతో ఆరంభమైనది. అప్పిచ్చుట, విత్తనమును ఎరువును సమకూర్చుట, పండినది అమ్మిపెట్టుట అను మూడు పనులును అక్కడ ఒకే చూరు క్రింద జరుగును. ఎరువు సంఘమునుండియే వచ్చునప్పుడు పంటరుణము చేనికి పోయినదో లేదో వేరుగా కనిపెట్టనక్కరలేదు; పంట సంఘముద్వారా అమ్ముడుపోవునప్పుడు బాకీకి ఎవరును వాకిట కూర్చుండనక్కరలేదు. మన సంఘములును వడ్ల కొనుగోలు కేంద్రములు నడపుచున్నవి, ఎరువు అమ్ముచున్నవి, అప్పు ఇచ్చుచున్నవి. మూడును చేయుచున్నాము, మూడు పుస్తకములు ఒకదానితోనొకటి మాటలాడుట లేదు.

పట్టాలేనివారి సంగతి వేరుగా చెప్పవలెను. మాన్వాడవద్ద మధ్య మానేరు జలాశయము కట్టినప్పుడు కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మొదలగు గ్రామములవారి భూములు నీటిలో మునిగినవి. పరిహారము చేతికి వచ్చినది, పాసుపుస్తకము పోయినది. అట్టివారును, ఇతర కౌలుదార్లును పరులభూమి దున్నుచున్నారు. చేయుట సేద్యమే, బ్యాంకులో చూపుటకు పట్టా లేదు గాన పంటకార్డు రాదనుకొని సొంత కార్డుకో ఉద్దెరకో పోవుదురు. కిసాన్ కార్డు నియమములలో కౌలుదార్లకును, నోటిమాట కౌలువారికిని, పాలికాపులకును, కూడి అప్పు తీసికొను రైతుల జట్లకును అర్హత వ్రాసియేయున్నది. 2019నుండి పశువుల పెంపకమునకును, చేపల పెంపకమునకును ఈ కార్డు ఇచ్చుచున్నారు. జలాశయముపై బ్రతుకువారికి ఇది ముఖ్యము. నియమమున్నను కాగితము కదలుట లేదు. నలుగురైదుగురు కౌలుదార్లు జట్టుగా వచ్చినచో వారి సేద్యమును ఎరిగిన పొరుగువారు సంఘములోనే యున్నారు; ఈ ఎరుక ఏ పట్టణపు బ్యాంకునకును లేదు.

చేను అప్పు చేనుపేరనే ఉండుటవలన మరియొక లాభము 2024లో కంటికి కనబడినది. ఆ జులై, ఆగస్టు నెలలలో తెలంగాణ ప్రభుత్వము కుటుంబమునకు 2 లక్షల రూపాయల వరకు మాఫీ జరిపినప్పుడు లెక్కకు తీసికొన్నది 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వరకు గల స్వల్పకాలిక పంటరుణములను. ఎరువునకై సొంత కార్డు గీకినవాడు, ఫైనాన్సువానివద్ద తెచ్చి చేనులో పోసినవాడు, తానును రైతునే యని ఎంత మొరపెట్టుకొన్నను అది లెక్కకు రాలేదు. మాఫీ వచ్చునని యెదురుచూచి అప్పుచేయుమని నేను చెప్పుట లేదు. అది లాటరీ టిక్కెట్టుపై విత్తనము వేయుటవంటిది. ప్రభుత్వమునకు గాని, భీమాకు గాని, వరదసాయమునకు గాని మన సేద్యము కనబడునది కాగితముమీదనే యని చెప్పుచున్నాను.

కావున రాబోవు మహాజనసభలో, వానకాలపు రుణములు పంచుటకు ముందుగనే, ఒక తీర్మానము చర్చకు పెట్టవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. పంటరుణములో సాధ్యమైనంత భాగము ఎరువు, విత్తనముగానే సంఘపు గిడ్డంగినుండి ఇయ్యవలెను. దానితోపాటు, పంటరుణముతో కలుపక, వేరు పద్దుక్రింద గృహావసర రుణమును బాహాటముగా ఇయ్యవలెను. పెండ్లికని వ్రాసి పెండ్లికే, వైద్యమునకని వ్రాసి వైద్యమునకే. వడ్డీ పంటరుణముకంటె ఎక్కువయైనను సరే. దానికి ప్రభుత్వపు రాయితీ రాదు గాన తప్పదు. కాని మూడున్నర రూపాయల మిత్తిలో సగముకూడ కానక్కరలేదు. కిస్తులు నెలవారీగా గాక రెండు పంటలకు రెండుగా నుండవలెను. పాల బిల్లో దుబాయి సొమ్మో గలవారు కోరినచో నెలవారీ. జిల్లా సహకార బ్యాంకు అనుమతి కావలసియుండును. సొమ్ము చాలదని కార్యదర్శిగారు చెప్పుదురు. మొదటి యేడు కుటుంబమునకు 25,000 రూపాయలకు మించకుండ, వేళకు కట్టిన సభ్యులకే ఇచ్చి చూడవచ్చును. ఇట్టి రుణముగూడ ఎగవేయుదురని జంకువారు, ఏటేట రెండు దినముల చేబదులుతో తిరుగుచున్న పంటరుణములు తమ పుస్తకములలో ఎన్ని యున్నవో ముందు లెక్కించి సభకు చెప్పుదురుగాక.

ఆ రెండు కార్డుల రైతు మరల సిరిసిల్ల బస్సులో కనబడెను. యూరియా కిసాన్ కార్డుతోనే కొంటినని చెప్పెను. మెరసెడి కార్డు ఏమైనదని యడిగితిని. అప్పటికి దానిపై 11,000 బాకీ యున్నదనియు, పిల్లవాని ఫోను కొన్నాననియు చెప్పి కిటికీవైపు తిరిగెను. బర్రె పాల బిల్లు నెలకు ఎంత వచ్చునని నేనడిగితిని. వేములవాడ స్టేజీ వచ్చువరకు ఇద్దరమును ఆ లెక్కయే వేసికొంటిమి.